నిప్పుకొండ మీద రెండు రోజులు

ఇండోనేషియా దేశం సముద్రం మధ్యలో ఉంది. దేశమంతా దీవులే. దీవి అంటే చుట్టూ నీళ్లున్న నేల. అందులో ఒక దీవి పేరు బాలి. బాలిలో బతూర్ అనే కొండ ఉంది. ఎత్తు 1717 మీటర్లు. దూరం నుంచి మామూలు కొండలాగే కనబడుతుంది. కాని అది అగ్నిపర్వతం, అంటే నిప్పుకొండ. 2000 సంవత్సరంలో కూడా అది నిప్పులు కక్కింది.

అలాంటి కొండ ఎక్కడానికి ఎవరైనా పోతారా? పోతారు. డబ్బు ఇచ్చి మరీ పోతారు!

కొండ నిప్పులు ఎందుకు కక్కుతుంది? పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు చూడండి. ఆవిరి తన్నితే మూత ఎగిరెగిరి పడుతుంది. నేల లోపల చాలా లోతున కొన్ని చోట్ల రాయి కరిగి ఉంటుంది. అందులోని ఆవిరి, వాయువులు పైకి తంతాయి. సందు దొరికిన చోట నేల చీల్చుకొని కరిగిన రాయి బయటపడుతుంది. దానినే లావా అంటారు. చల్లారితే అది నల్లరాయి.

వేల ఏళ్ల కిందట బతూర్ దగ్గర పెద్ద కొండ కూలిపోయి పది కిలోమీటర్లకు పైగా వెడల్పున్న గుంట పడింది. ఆ గుంటలోనే ఇప్పటి కొండ, ఒక చెరువు, చెరువు ఒడ్డున ఊళ్లు ఉన్నాయి. 1926లో లావా వచ్చి బతూర్ ఊరిని కప్పేసింది. జనం గుంట అంచు మీదికి పోయి కొత్త ఊరు కట్టుకున్నారు. గుడిని కూడా అక్కడే మళ్లీ కట్టారు. అయినా గుంట లోపల ఇంకా జనం ఉన్నారు. ప్రమాదమని తెలియకనా? తెలుసు. కాని బూడిద కలిసిన నేల, పక్కనే చెరువు నీళ్లు. ఉల్లి, టమాటా, క్యాబేజీ బాగా పండుతాయి. ఆదిలాబాదు వైపు పత్తి పండే నల్లరేగడి కూడా లావా రాయి నుంచి పుట్టిందే. ఆ లావా పారి 6 కోట్ల ఏళ్లు దాటింది. అక్కడ ఇప్పుడు భయమేమీ లేదు.

బతూర్‌కు వచ్చినవాళ్లు మొదటి రోజు చెరువు ఒడ్డున డేరాలు వేసుకుంటారు. ఆ ఎత్తులో రాత్రి చలిగా ఉంటుంది. స్వెట్టరు లేనిదే నిద్ర పట్టదు. తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి నడక మొదలుపెడతారు. తోడు వచ్చే గైడు ఆ ఊళ్లవాడే. అందరి చేతిలో టార్చిలైటు. రెండు గంటల ఎక్కుడు. పై భాగంలో బూడిద, గులకరాళ్లు. అడుగు ముందుకు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు ఇంకా కష్టం. మోకాళ్లు వణుకుతాయి.

పైన పొద్దు పొడవడం చూస్తారు. అగుంగ్ అనే ఇంకా పెద్ద నిప్పుకొండ ఎదురుగా కనబడుతుంది. రాళ్ల సందుల్లోంచి వేడి ఆవిరి వస్తుంటుంది. గైడ్లు అందులోనే గుడ్లు, అరటిపండ్లు ఉడికించి పెడతారు. కట్టెల ఖర్చు లేదు!

ఆవిరి ఎక్కడ చేయి కాలుస్తుందో, ఎక్కడ నేల గుల్లగా ఉందో గైడుకు తెలుసు. కొండ పద్ధతి మారితే పైకి పోకూడదు. ఇండోనేషియా ప్రభుత్వం నిప్పుకొండలకు నాలుగు హెచ్చరికలు పెట్టింది. ఒకటి అంటే మామూలు. నాలుగు అంటే పెద్ద ప్రమాదం. సుమత్రా దీవిలో మరాపి అనే కొండకు 2023లో రెండో హెచ్చరిక ఉండేది. నోటికి మూడు కిలోమీటర్ల లోపలికి పోవద్దన్నారు. అయినా జనం ఎక్కారు. 2023 డిసెంబరు 3న కొండ ఒక్కసారిగా పేలింది. 24 మంది చనిపోయారు. రెండో హెచ్చరికే కదా అనుకుంటే ఇంత జరిగింది.

బతూర్ దిగాక వేడినీటి బుగ్గల్లో కాళ్లు పెట్టుకుంటే నొప్పులు తగ్గుతాయి. తరువాత వ్యానులో గుంట అంచుకు పోయి సైకిళ్లు ఎక్కుతారు. అక్కడి నుంచి అంతా పల్లమే. తొక్కే పని తక్కువ, బ్రేకు పని ఎక్కువ. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టితే సైకిలు పల్టీ కొడుతుంది. రెండూ కలిపి మెల్లగా పట్టాలి. దారిలో నారింజ తోటలు, కాఫీ తోటలు వస్తాయి. ఇంకా కిందికి పోతే మెట్లు మెట్లుగా వరి మళ్లు. సైకిళ్లు అక్కడ ఆపి అందరూ నీళ్లు తాగుతారు.

వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. మరునాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు గైడు మళ్లీ టార్చిలైటు పట్టుకొని బయలుదేరతాడు.