పన్ను సలహాదారుని ఎంచుకొనుట ఎట్లు?

మొవ్వ ప్రాంతపు సంఘాల తనిఖీలో సభ్యులు మమ్ములను తరచు అడుగు ప్రశ్న: "పాల డబ్బుకు పన్నేమిటండీ?" పాడి ఆదాయము వ్యవసాయాదాయము క్రిందకు రాదు. వరికున్న మినహాయింపు పాలకు లేదు.

సభ్యుల పాలను సహకార యూనియనుకు సరఫరా చేయు ప్రాథమిక సంఘపు లాభానికి మాత్రము పూర్తి మినహాయింపు కలదు. అదియు గడువులోగా రిటర్ను దాఖలు చేసినప్పుడే. జాప్యమైతే సభ్యులకు పంచవలసిన సొమ్ము పన్ను క్రింద పోవచ్చును.

కనుక చార్టర్డ్ అకౌంటెంటును నియమించుకొనునపుడు సభ్యత్వపు నెంబరు, ప్రాక్టీసు సర్టిఫికెట్టు అడగండి. 2019 నుండి ఆయన ఇచ్చు ఆడిట్ నివేదికపై 18 స్థానాల యుడిఐఎన్ ఉండవలెను; దానిని సరిచూసుకొనవచ్చును. ఫీజు ముందే వ్రాయించుకొనండి. రిఫండులో వాటా అడుగువారిని నమ్మవద్దు. రిటర్ను చదివిన పిమ్మటే సంతకము చేయండి. ఎవరు వ్రాసినా బాధ్యత మీదే.