ఈగ ఎంగిలి

దోమలో మూడో వంతు కూడా ఉండదు ఇసుక ఈగ. ఒళ్లంతా నూగు. ఎగిరేటప్పుడు చప్పుడు చెయ్యదు, వాలితే రెక్కలు నిక్కబొడుచుకుని ఉంటాయి. దోమలా నేరుగా రక్తనాళంలోకి సూది దించడం దానికి చేతకాదు. చర్మాన్ని కోసి, ఊరిన నెత్తుటి చెలమలోంచి తాగుతుంది. కుట్టేది ఆడ ఈగే. చెలమ గడ్డకట్టకుండా తన లాలాజలం కలుపుతుంది. ఆ ఎంగిలితోపాటే లీష్మానియా అనే ఏకకణ జీవి మన చర్మంలోకి దిగుతుంది. తర్వాత నెలల తరబడి మానని పుండు, మానాక మచ్చ. ఊరినిబట్టి దానికి అలెప్పో కురుపు, బాగ్దాద్ కురుపు, ఢిల్లీ కురుపు అని పేర్లు. మన దేశంలో ఈ చర్మవ్యాధికి పేరుపడ్డ చోటు రాజస్థాన్‌లోని బికనేర్.

ఎంగిలి సంగతి 1988లో బయటపడింది. రిచర్డ్ టైటస్, హోసె రిబైరో ఈగల లాలాజల గ్రంథుల్ని చిదిపి, ఆ రసాన్ని పరాన్నజీవులతో కలిపి ఎలుకలకు ఎక్కించారు. ఉత్త పరాన్నజీవులు ఎక్కించిన ఎలుకలతో పోలిస్తే పుండు 5 నుంచి 10 రెట్లు పెద్దదైంది. అందులోని పరాన్నజీవుల సంఖ్య కొన్నిసార్లు 5,000 రెట్ల దాకా పోయింది! అప్పటిదాకా ఈగను రోగం మోసుకొచ్చేదిగానే చూశారు. రోగం పెంచడంలోనూ దానికి చెయ్యి ఉందని పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లాటిన్ అమెరికాలో ఉండే లుట్జోమియా లాంగిపాల్పిస్ ఈగ లాలాజలంలో మాక్సడిలాన్ అనే పదార్థం ఉంది. రక్తనాళాల్ని వెడల్పు చెయ్యడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కుట్టినచోట ఎరుపు రెండు రోజులైనా పోకపోవచ్చు. పైగా ఒంటిని కాపాడే మాక్రోఫేజ్ కణాల దూకుడును కూడా ఈ పదార్థం తగ్గిస్తుంది. లీష్మానియా కాపురం పెట్టేది ఆ కణాల్లోనే మరి.

ఇంకో వింత. బ్రెజిల్‌లో ఈ ఈగ మోసే పరాన్నజీవి కాలేయాన్నీ ప్లీహాన్నీ పట్టుకుంటుంది. కోస్టారికాలో అదే పరాన్నజీవి చాలామందిలో చర్మం దాటి లోపలికి పోదు. అక్కడి ఈగ లాలాజలంలో మాక్సడిలాన్ చాలా తక్కువ. తేడా అంతా ఎంగిలిదే అనడం తొందరపాటు. దాని పాత్ర ఏమీ లేదనడం అంతకన్నా తొందరపాటు.

పాత ప్రపంచపు (ఆసియా, ఆఫ్రికా, ఐరోపాల) ఫ్లెబోటోమస్ పాపటాసి ఈగకు మాక్సడిలాన్ లేదు. రక్తనాళాల్ని వెడల్పు చేసే పని అడినోసిన్‌తో కానిచ్చేస్తుంది.

ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. పరాన్నజీవి లేని శుభ్రమైన ఈగలతో ఎలుకల్ని ముందే కుట్టించింది షాదెన్ కమ్హావి పరిశోధక బృందం. తర్వాత రోగమున్న ఈగలు కుట్టినా ఆ ఎలుకలు చాలావరకు తట్టుకున్నాయి. ఆ ప్రయోగం వెలువడింది 2000లో. ఒంటికి ఎంగిలి గుర్తుండిపోయి, మళ్లీ తగలగానే అక్కడ ఎదురుదాడి మొదలవుతుందన్నమాట. దాంతో లాలాజలంలోని ప్రోటీన్‌తోనే టీకా చెయ్యొచ్చన్న ఆశ పుట్టింది. 2015లో అలాంటి ప్రోటీన్ ఒకటి కోతుల్ని కాపాడింది కూడా. అయితే బ్రెజిల్‌లోని మరో ఈగ, లుట్జోమియా ఇంటర్మీడియా లాలాజలాన్ని ఇలాగే ఎలుకలకు ముందుగా ఇస్తే రోగం ఇంకా ముదిరింది. ఏ ఈగ ఎంగిలో చూసుకోకుండా టీకా మాట ఎత్తకూడదు.

సూదితో పరీక్షించిన టీకాలకూ పరాభవం తప్పలేదు. సిరంజితో పరాన్నజీవిని ఎక్కించినప్పుడు ఎలుకల్ని కాపాడిన టీకా, ఈగ కుట్టినప్పుడు చేతులెత్తేసిందని 2009లో తేలింది. ఈగ కోసిన గాయానికి న్యూట్రోఫిల్ అనే తెల్లరక్త కణాలు గుంపులుగా పరుగెత్తుకొస్తాయి, వదిలిపోవు. సిరంజి గాయం దగ్గర ఆ రద్దీ అంతసేపు ఉండదు.

ఈగ నోట్లోంచి వచ్చేది లాలాజలం ఒక్కటే అనుకునేరు. పరాన్నజీవులు దాని పొట్టలో ఒక జిగురు తయారుచేసి దారి మూసేస్తాయి. తాగలేక ఈగ మళ్లీ మళ్లీ కుడుతుంది, ప్రతిసారీ ఆ జిగురును కక్కుతుంది. కాలేయాన్నీ ప్లీహాన్నీ పట్టుకునే లీష్మానియా రోగమైన కాలాజార్ మీద మన దేశంలో పనిచేసిన పరిశోధకులు ఈ అడ్డు సంగతిని ఎండుద్రాక్ష పుణ్యాన పట్టుకున్నారు. ఈగలకు రెండోసారి నెత్తురు బదులు ఎండుద్రాక్ష పెడితే పరాన్నజీవులు గొంతు దాకా నిండిపోయాయి. అలా మేపిన ఈగలతోనే 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్‌లు కాలాజార్ ఈగకాటుతో మనిషికి సోకుతుందని నిరూపించారు.