చిట్టా కెక్కని కూలి

సేద్యపు కూలీకి చట్టరీత్యా కనీస వేతనము లభింపవలెనన్న సూత్రమును మన దేశము 1948 వ సంవత్సరముననే అంగీకరించినది. నాటి కనీస వేతనముల చట్టమునకు చేర్చిన అనుబంధములో రెండవ భాగము కేవలము వ్యవసాయమునకే ప్రత్యేకింపబడినది. దుక్కి, నాటు, కోత, పాడి మొదలు తేనెటీగల పెంపకము వరకు సమస్తమును అందు చేరినవి. రేట్లను నిర్ణయించుటకు ప్రభుత్వములకు చట్టమే గడువు విధించినది. ఆ గడువు పలుమారులు పొడిగింపబడి, తుదకు 1961 వ సంవత్సరపు సవరణతో గడువన్నదే అంతరించినది. వాయిదాలు వకీళ్ల విద్య యని లోకులు మమ్ము నిందింతురు గాని, ఆ విద్యలో శాసనకర్తలు మాకు తీసిపోరు.

ఈ నడుమ కూలి యేమైనది? భారత ప్రభుత్వము 1950-51 లో జరిపించిన వ్యవసాయ కార్మిక విచారణలో పురుషుని సగటు దినకూలి 1 రూపాయి 9 పైసలు, స్త్రీది 68 పైసలు. 1956-57 లో రెండవ విచారణ జరుగునప్పటికి అవి క్రమముగా 96 పైసలకును, 59 పైసలకును దిగినవి. చట్టము గ్రంథమందు నిలిచి యుండగనే చేలో కూలి తగ్గినదన్న మాట.

తంజావూరు చరిత్ర ఇంతకన్న కఠినమైనది. అచ్చటి పణ్ణైయాళ్లు, అనగా మన పాలేర్లవంటివారు, మిరాసుదారులను కనిపెట్టుకొని బ్రతికినవారు. రాజగోపాలాచారి ప్రభుత్వము 1952 లో వారి రక్షణకై ప్రత్యేక శాసనము చేసినది. అయినను కోతకాలమున కొలిచి యిచ్చు ధాన్యమును గురించిన తగవు ఆరలేదు. కూలి పెంపు, కూలీల సంఘము అను రెండు విషయముల మీద రగిలిన ఆ వైరము 1968 డిసెంబరు 25 వ తేదీ రాత్రి కీళ్వెణ్మణిలో పరాకాష్ఠ నొందినది. ఒక గుడిసెలో తలదాచుకొన్న దళిత కూలీల కుటుంబములవారు 44 మంది సజీవదహనమైరి. వారిలో అత్యధికులు స్త్రీలును, పిల్లలును. పిదప గణపతియా పిళ్లె విచారణ సంఘము ఏర్పడినది. 1969 లో వ్యవసాయ కూలీల న్యాయవేతన చట్టము వచ్చినది. గింజలు కొలుచు పాత్రను శాసనము పట్టుకొనుటకు అంతటి ఘోరము జరుగవలసివచ్చెను.

అది తమిళుల వ్యవహారము, మనకేమి యని చెన్నపట్టణములోని తెలుగువారు తొలగిపోవుటకు వీలు లేదు. కోయంబత్తూరు సీమలో నల్లరేగడి నేలలు గల తెలుగు కుటుంబములు తరతరములుగా నున్నవి. ఆ సీమ చేలలోనే కూలికి పోవు అరుంధతీయులలో పలువురు ఇంట తెలుగే మాటాడుదురు. మరియు ఇచ్చట ఉద్యోగములు, వైద్యము, వకాల్తులు సాగించుకొనుచున్న మనలో ఎందరికో స్వగ్రామమున అయిదో పదో యెకరములు గలవు. వాటిని కౌలుకిచ్చినచో కూలీకి యజమాని కౌలుదారు. పెద్దపాలేరుచేతనో, తమ్మునిచేతనో మన ఖర్చుతో సాగు చేయించినచో, స్వయముగా గాని మరియొకరి ద్వారా గాని పని చేయించుకొన్నవాడే యజమాని యని చట్టము చెప్పుచున్నది గనుక, ఆ పేరు మనకే తగులును.

కూలి యెంత ముఖ్యమో సుప్రీంకోర్టు 1982 లో తేటపరచినది. కనీస వేతనమునకు తక్కువ ఇచ్చి పని చేయించుట రాజ్యాంగపు 23 వ అధికరణము నిషేధించిన నిర్బంధశ్రమయే యని ఆసియా క్రీడల నిర్మాణ కూలీల వ్యాజ్యములో తీర్పు వచ్చినది. ఆకలిచే తల యొగ్గిన సమ్మతి సమ్మతి కాదని దాని సారము. ఆ వాదమునకు ఎదురు నిలుచునది రైతు దుస్థితి. మూడెకరముల రైతు తంజావూరు మిరాసుదారు కాడు. పంట ధర అతని చేతిలో లేదు. అయినను ఆ నష్టమును అతనికన్న బీదవాని కూలిలో కోసి పూడ్చుకొనుమని చెప్పుట మాత్రము న్యాయము కాజాలదు.

1948 నాటి చట్టము నేడు లేదు. 2019 లో పార్లమెంటు చేసిన వేతనస్మృతి 2025 నవంబరు 21 వ తేదీన అమలులోనికి వచ్చి దాని స్థానమును గ్రహించినది. అందు కూలీకి మేలు చేయునవి కలవు. పాత చట్టమున ఆరు నెలలలో వేయవలసిన దావాకు నేడు మూడేండ్ల వ్యవధి గలదు. సొమ్ము ముట్టినదని రుజువు చేయు భారము యజమానిపై పడినది. పని చేయుటకు కూలి సిద్ధముగా నుండగా, పని లేదని యజమాని మధ్యాహ్నమే పంపివేసినను పూర్తి దినపు కూలి యీయవలయును. స్త్రీపురుషులకు ఒకే విధమైన పనికి ఒకే వేతన మన్న నియమము 1976 చట్టమునుండి ఇందు చేరినది. కాని గ్రామములలో నాటు, కలుపు అనగానే ‘ఆడకూలి’ యని పేరుపెట్టి రేటు తగ్గించుదురు. పోల్చి చూచుటకు ప్రక్కన పురుషుడే యుండడు గదా!

చిక్కంతయు రిజిస్టరువద్ద నున్నది. సేద్యమునకు అయిదుగురికి మించక పనివారిని పెట్టుకొను యజమాని రిజిస్టరు నుంచనక్కరలేదు, వేతనపు చీటీ యీయనక్కరలేదు; అధికారి అడిగినపుడు కూలి ఇచ్చినట్లు సమంజసమైన రుజువు చూపిన చాలునని 50 వ సెక్షను చెప్పుచున్నది. చిన్నరైతుకు కాగితముల బాధ తప్పించుట మంచిదే. కాని ఆ అయిదుగురు ఒక దినమునకా, ఒక పంటకా? నాట్లనాడు ఇరువదిమంది దిగుదురు. మరునాడు ఇద్దరే యుందురు. ఇరువదిమందిని మేస్త్రీ తెచ్చును. గుత్త సొమ్ము అతని చేతికే పోవును. ఎవరికెంత పంచినాడో రైతు ఎరుగడు. సొమ్మిచ్చినట్లు యజమాని రుజువు చేయవలెనన్న నియమము బాగున్నది గాని, ఆనాడు ఆ చేలో తాను వంగి నాటితినని ముందు నిరూపింపవలసినది కూలియే. నాటిన మడి సాక్ష్యము పలుకదు.

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద ఇదే స్త్రీ చెరువు పూడిక తీసినపుడు ఆమె పేరు మస్టరు కెక్కెను. కూలి బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతాలో పడెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీలో ఆ మస్టరును ఊరివారి యెదుట చదివిరి. కాగితములు రాని ప్రజలన్న సాకు అంతటితో తీరినది. 2011 జనాభా లెక్కలలో 14 కోట్ల 43 లక్షలుగా తేలిన వ్యవసాయ కూలీలలో పెక్కుమందికి ఇరుగుపొరుగు చేలలో అట్టి వ్రాత ఏదియు లేదు.

‘సమంజసమైన రుజువు’ అనగా నేమో రాష్ట్ర ప్రభుత్వములు నిబంధనలలో విప్పి చెప్పవలయును. తేది, పేరు, పని, ఇచ్చిన సొమ్ము గల ఒక్క పుట, దాని నకలు కూలిచేతిలో: ఇంతమాత్రము కోరుట చిన్నరైతునకు భారము కానేరదు. గ్రామమునుండి మనకు వచ్చు పంట ఖర్చుల లెక్కలో ‘నాట్ల కూలి’ యని ఒకే పంక్తి, దాని యెదుట ఒకే మొత్తము ఉండును. ఆ పంక్తి క్రింద ఇరువది పేర్లును వ్రాసి పంపుమని పెద్దపాలేరునకు రేపే ఉత్తరము వ్రాయవచ్చును.