చక్రం నడుమ మీట: పాత ట్రక్కు స్టీరింగ్, హారన్ కథ

పాత ట్రక్కులో స్టీరింగ్ చక్రమూ హారన్ మీటా ఒకే కడ్డీ చివర ఉంటాయి. చక్రం తిప్పితే ముందు టైర్లు తిరగాలి, చక్రం నడుమ మీట నొక్కితే బానెట్ కింద హారన్ మోగాలి. మొదటిది బలంతో జరిగే పని, రెండోది కరెంటుతో జరిగేది. చక్రం తిరుగుతూ ఉంటుంది, బండి వైర్లు మాత్రం కదలవు. ఈ రెంటినీ కలిపే చోటే పాత బండికి జబ్బు చేస్తుంది. చక్రం మార్చాక హారన్ మూగబోవడం, హారన్ బాగుచేయబోయి చక్రం ఊడదీయాల్సి రావడం అందుకే అంత మామూలు.

తొలి మోటారు బండ్లకు చక్రమే లేదు. పడవ చుక్కానికి ఉండే పిడిలాంటి కడ్డీతో బండిని మలుపు తిప్పేవారు. గుర్రబ్బండి వేగంతో పోయే వాహనానికి అది చాలింది. వేగం పెరిగేసరికి చిక్కు వచ్చింది. ముందు టైరుకు రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా చేతికి తగిలి, కడ్డీ పట్టు జారేది. 1894 జూలైలో పారిస్ నుంచి రువాన్ వరకు 126 కిలోమీటర్ల పందెం జరిగినప్పుడు ఆల్ఫ్రెడ్ వాషెరాన్ అనే ఫ్రెంచివాడు తన పనార్ బండికి కడ్డీ బదులు చక్రం అమర్చుకుని వచ్చాడు. చక్రం వాడిన తొలి మోటారు బండ్లలో అదొకటి. 1896లో పారిస్–మార్సెయ్ పందెంలో పనార్ కంపెనీ భాగస్వామి ఎమిల్ లెవసార్ అడ్డొచ్చిన కుక్కను తప్పించబోయి బండి బోల్తాపడి గాయపడ్డాడు, మరుసటి ఏడాది చనిపోయాడు. 1898లో పారిస్–ఆమ్‌స్టర్‌డామ్ పందెం కోసం తయారైన పనార్ బండికి ఆర్థర్ క్రెబ్స్ వాలుగా ఉండే స్టీరింగ్ కడ్డీని, దాని చివర చక్రాన్ని పెట్టాడు. నేటి వాహనాల్లో కనిపించే అమరిక అదే.

చక్రం గొప్పతనం దాని గుండ్రతనంలో కన్నా దాని వెనక ఉన్న గేర్లలో ఉంది. పవర్ స్టీరింగ్ లేని ట్రక్కులో టైరు ఒక డిగ్రీ తిరగాలంటే చక్రాన్ని 20 డిగ్రీలకు పైగా తిప్పాలి. అంటే డ్రైవరు చేతి బలం అన్ని రెట్లు పెరిగి టైరుకు చేరుతుంది, గుంతలో టైరుకు తగిలిన దెబ్బ అన్ని వంతులు తగ్గి చేతికి వస్తుంది. చక్రం వెడల్పు కూడా ఈ లెక్కలో భాగమే. పాత ట్రక్కు చక్రం 18 అంగుళాలదైతే కేంద్రం నుంచి అంచుకు 9 అంగుళాలు. అందం కోసం దాని స్థానంలో 14 అంగుళాల చక్రం బిగిస్తే ఆ దూరం 7 అంగుళాలకు తగ్గి, అదే మలుపుకు దాదాపు 29 శాతం ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. బరువుతో నిలిచి ఉన్న ట్రక్కును సందులో మళ్లించేటప్పుడు ఈ తేడా భుజాలకు తెలిసొస్తుంది. పవర్ స్టీరింగ్ లేని బండికి చిన్న చక్రం వేయడం తప్పు. ఈ భారాన్ని తగ్గించాలని పట్టుబట్టినవాడు ఫ్రాన్సిస్ డేవిస్. అమెరికాలో పియర్స్-యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో ఇంజనీరుగా పనిచేసిన అతను 1926లో నూనె ఒత్తిడితో నడిచే పవర్ స్టీరింగ్‌ను చేసి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కార్లలో అది కనిపించడానికి 1951 దాకా, క్రైస్లర్ ఇంపీరియల్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

హారన్ కథ వేరే దారిలో నడిచింది. మొదట్లో రబ్బరు బుడ్డ నొక్కితే మోగే ఇత్తడి బూరలే ఉండేవి. 1908 ప్రాంతంలో అమెరికావాడు మిల్లర్ రీస్ హచిసన్ రూపొందించిన క్లాక్సన్ వచ్చింది. అందులో పళ్ల చక్రం గిర్రున తిరుగుతూ పల్చటి ఉక్కు రేకు నడుమనున్న బొడిపెను వరసగా తడుతుంది, రేకు కీచుమని అరుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు వస్తోందని కందకాల్లోని సైనికులను హెచ్చరించడానికి కూడా దీన్ని వాడారు. తర్వాత మోటారూ పళ్ల చక్రమూ పోయి, విద్యుదయస్కాంతమే రేకును ఊపే హారన్లు స్థిరపడ్డాయి. జర్మనీలో బాష్ కంపెనీ 1921లో తన హారన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ్టి లారీల ఎలక్ట్రిక్ హారన్లు కూడా ఆ సూత్రం మీదే పనిచేస్తాయి.

ఆ సూత్రం ఇంట్లో కరెంటు గంటది లాంటిదే. కరెంటు రాగానే అయస్కాంతం రేకును లాగుతుంది. రేకు కదలగానే దానికి ఆనుకున్న కాంటాక్టు పాయింట్లు విడిపోయి కరెంటు తెగుతుంది. రేకు వెనక్కి వస్తుంది, పాయింట్లు మళ్లీ కలుస్తాయి. ఇది సెకనుకు సుమారు 400 సార్లు జరిగితే మనకు వినిపించేది హారన్ స్వరం. పాయింట్లు ఎంత దగ్గరగా ఉండాలో వెనకనున్న చిన్న స్క్రూ నిర్ణయిస్తుంది. అవి విడిపోకపోతే హారన్ ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది, కాయిల్ వేడెక్కుతుంది. కలవకపోతే అసలు చప్పుడే ఉండదు.

1967 నుంచి 1972 దాకా అమెరికాలో తయారైన షెవ్రొలే సి-10 పికప్ ట్రక్కును ఉదాహరణగా తీసుకుంటే మరమ్మతు వరస తేలిగ్గా అర్థమవుతుంది. ఇప్పటికీ వేల బండ్లు అక్కడ రోడ్ల మీద తిరుగుతున్నాయి, విడిభాగాలు కొత్తగా తయారవుతున్నాయి. వీటి చక్రంలో లోపల ఉక్కు కడ్డీ, పైన గట్టి ప్లాస్టిక్ పూత ఉంటాయి. ఎండకు ఉక్కు ఒకలా, ప్లాస్టిక్ మరోలా వ్యాకోచిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసెక్కి, ఆకులు కలిసే చోట బీటలు వారుతుంది. లోపలి ఉక్కు గట్టిగా ఉంటే బీటను రెండువైపులా వాలుగా చెక్కి, ఎపాక్సీ నింపి, ఎమరీ పేపరుతో రుద్ది రంగేయవచ్చు. అసలు చక్రాన్ని కాపాడుకోవాలనుకునేవారికి ఇదే మంచి దారి. ఉక్కు వంగినా తుప్పు తినేసినా మాత్రం చక్రం మార్చి తీరాలి.

ఊడదీసే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. హారన్‌కు కరెంటు బ్యాటరీ నుంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తాళం తీసేసినా ఈ ట్రక్కు హారన్ మోగడానికి కారణం అదే. టైర్లను నేరుగా నిలిపి, చక్రం నడుమ మూత లాగి, లోపలి స్ప్రింగు, కప్పు, కాంటాక్టు ముక్కలను తీసిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చుకోవాలి. నట్టు కనిపించాక చక్రం మీదా కడ్డీ మీదా ఒకే గీతగా గుర్తు పెట్టాలి. నట్టును పూర్తిగా తీయకుండా కడ్డీ అంచు దాకా వదులు చేసి ఉంచితే, చక్రం ఒక్కసారిగా ఊడి ముఖానికి తగలదు. కడ్డీ మీది పళ్లకు చక్రం ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంటుంది. చక్రంలో ఉన్న రెండు 5/16 అంగుళాల మరల రంధ్రాల్లో బోల్టులు బిగించి, పుల్లర్ పెట్టి, నడిమి బోల్టును కొంచెం కొంచెంగా తిప్పితే టప్‌మని వదులుతుంది. కడ్డీని సుత్తితో కొట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. పై బేరింగు చెడుతుంది. ప్రమాదంలో ముడుచుకుపోయి డ్రైవరు రొమ్మును కాపాడే రకం కడ్డీలను జనరల్ మోటార్స్ 1967 నుంచి తన కార్లలో పెట్టింది. ఆ రకం కడ్డీలో ఆ పని చేసే ప్లాస్టిక్ పిన్నులు సుత్తి దెబ్బకు లోపలే విరిగిపోతాయి, పైకి ఏమీ కనిపించదు.

చక్రం తీశాక హారన్ దారి కళ్లముందుంటుంది. స్ప్రింగు మీద నిలిచిన చిన్న కాంటాక్టు చక్రం వెనకనున్న గుండ్రటి లోహపు పట్టీకి రాసుకుంటూ ఉంటుంది. చక్రం ఎంత తిరిగినా ఆ ఒరిపిడి తెగదు. తిరిగే చక్రానికీ కదలని వైరుకూ మధ్య వంతెన ఇదే. ఈ పట్టీ మీద పాత గ్రీజు గట్టిపడినా, ఒకచోట అరిగినా చక్రం కొన్ని కోణాల్లో ఉన్నప్పుడే హారన్ మోగుతుంది. ఈ లక్షణం కనిపిస్తే హారన్ విప్పి చూడక్కర్లేదు, జబ్బు ఇక్కడే ఉంది.

మీట నొక్కితే హారన్‌కు కరెంటు నేరుగా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. ఒక్కో హారన్ 5 ఆంపియర్లకు అటూ ఇటూగా లాగుతుంది. కడ్డీలోని సన్నటి వైరు రెండు హారన్ల భారం మోయలేదు. అందుకని మధ్యలో రిలే ఉంటుంది. మీట చేసేదల్లా రిలే కాయిల్ చివరను బండి బాడీకి కలపడం, అంటే ఎర్త్ ఇవ్వడం. రిలే టక్కుమని మూసుకుని పెద్ద కరెంటును హారన్లకు పంపుతుంది. ఆ టక్కును చెవితో పట్టుకుంటే సగం పరీక్ష అయిపోయినట్టే. టక్కు వినబడి హారన్ మోగకపోతే లోపం రిలే పాయింట్లలోనో, హారన్‌లోనో, వాటి మధ్య వైరులోనో ఉంది. టక్కే లేకపోతే కడ్డీ నుంచి వచ్చే వైరును రిలే దగ్గర విప్పి, రిలే వైపు కొసను బాడీకి ఆనించి చూడాలి. అప్పుడు మోగితే తప్పు చక్రం వైపుది. స్టీరింగ్ కడ్డీ కింద గేరు పెట్టెకు కలిసేచోట ఉండే రబ్బరు కప్లింగ్‌ను ఇక్కడ మరవకూడదు. రబ్బరులో కరెంటు పారదు. దాన్ని దాటించే రాగి జాలీ తెగితే కడ్డీకి ఎర్త్ పోయి, అన్నీ బాగున్నా హారన్ మోగదు. కొత్త కప్లింగ్ వేశాక హారన్ ఆగిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. హారన్ ఆగకుండా మోగడం దీనికి వ్యతిరేక లక్షణం: వైరు తొడుగు చిట్లి కడ్డీకి తగిలి ఉంటుంది, లేదా రిలే అతుక్కుపోయి ఉంటుంది.

హారన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులిచ్చినా మోగకపోతే దాన్ని దించాలి. బూర గొట్టంలో కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు ఉండవచ్చు. బిగించే బ్రాకెట్ దగ్గర తుప్పును గీకితేనే కొన్ని ప్రాణం పోసుకుంటాయి. తర్వాత సర్దుబాటు స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినాలి. బొంగురుపోయిన గొంతు ఒక్కసారిగా తేటపడే చోటు వస్తుంది. అక్కడ ఆపాలి.

విజయవాడ ఆటోనగర్ షెడ్లలోని పాత లారీలకు చక్రం పెద్దది, వైర్ల రంగులు వేరు. కానీ తిరిగే చక్రం మీది మీటకు కరెంటు చేర్చడం అక్కడా ఇదే చిక్కు. భారతదేశంలో ఒక నియమం అదనం. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 119వ నియమం ఒకటి తర్వాత ఒకటిగా రకరకాల స్వరాలు పలికే హారన్లను నిషేధిస్తుంది. మూగబోయిన పాత హారన్ స్థానంలో అలాంటిది బిగించడం మరమ్మతు అనిపించుకోదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కొత్త వాహనాల్లో ఒరుసుకునే పట్టీకి బదులు చుట్టగా ఉండే రిబ్బన్ కేబుల్ ఉంటుంది. అక్కడ చక్రం విప్పడం శిక్షణ పొందినవారి పని.

చక్రాన్ని గుర్తు గీతలు కలిసేలా ఎక్కించి, నట్టును ఆ ట్రక్కు మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించి, బ్యాటరీ కలపాలి. అప్పుడు చక్రాన్ని పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పుతూ అన్ని కోణాల్లోనూ హారన్ మోగించి చూడాలి. ఒక్క కోణంలో మోగకపోయినా ఆ ట్రక్కును రోడ్డెక్కించకూడదు.