చెవిని దాటి ఒంట్లోకి

లోతైన బేస్ శబ్దం మనిషిని తనకు తెలియకుండానే ఆడిస్తుంది. దాన్ని లెక్కగట్టాల్సిన మీటరుకు మాత్రం అది సరిగా అందడం లేదు

కెనడాలోని హామిల్టన్ నగరంలో ఓ సంగీత కచేరీ. వేదిక మీద ఆర్ఫెక్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట. కింద హుషారుగా ఊగుతున్న శ్రోతల్లో పలువురి తలలకు కదలికల్ని నమోదు చేసే పట్టీలు. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆ హాలు పేరు లైవ్‌ల్యాబ్. టికెట్ కొనుక్కుని వచ్చే కచేరీ హాలూ అదే, ప్రయోగశాలా అదే. మామూలు స్పీకర్లతో పాటు 8 నుంచి 37 హెర్ట్జ్‌ల మధ్య, అంటే అతి తక్కువ పౌనఃపున్యంలో మోగే ప్రత్యేక స్పీకర్లను పరిశోధకులు అక్కడ అమర్చారు. 55 నిమిషాల పాటు వాటిని రెండున్నర నిమిషాలకోసారి ఆన్ చేస్తూ, ఆఫ్ చేస్తూ పోయారు. అవి మోగినంతసేపూ జనం కదలిక సగటున 11.8 శాతం పెరిగింది.

డేనియల్ కామెరాన్ బృందం ఈ ఫలితాలను 2022 నవంబరులో 'కరెంట్ బయాలజీ' పత్రికలో ప్రచురించింది. అసలు విశేషం ఆ శాతంలో లేదు. తర్వాత విడిగా మరో పరీక్ష పెట్టి, ఆ లోతైన శబ్దం ఉన్న సంగీతాన్నీ లేని సంగీతాన్నీ వినిపిస్తే శ్రోతలు తేడా పోల్చుకోలేకపోయారు. చెవి గుర్తుపట్టని దానికి కాళ్లు స్పందించాయన్నమాట.

మనిషి వినికిడికి కింది హద్దు 20 హెర్ట్జ్‌లని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పియానోలో అన్నిటికన్నా కింది మెట్టు 27.5 హెర్ట్జ్‌ల దగ్గర పలుకుతుంది. బేస్ గిటార్‌లో లావుపాటి తీగ 41 దగ్గరే ఆగిపోతుంది. మృదంగం తొప్పికి తడిపిన రవ్వ అద్ది రప్పించే గంభీర నాదం కూడా ఈ పరిధికి ఎగువనే. ఇంత కింది స్థాయిలో చెవి దాదాపు మొద్దుబారి ఉంటుంది. 1,000 హెర్ట్జ్‌ల స్వరం కొద్ది డెసిబెల్స్ ఉన్నా వినిపిస్తుంది. 20 హెర్ట్జ్‌ల స్వరం వినిపించాలంటే సుమారు 78 డెసిబెల్స్ కావాలి. అందుకే సంగీత పరిశ్రమ చాలాకాలం ఈ అడుగు అంతస్తును పెద్దగా పట్టించుకోలేదు. 1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమా కోసం 'సెన్‌సరౌండ్' పేరుతో హాలీవుడ్ థియేటర్లలో భారీ స్పీకర్లు పెట్టి ప్రేక్షకుల కుర్చీలు అదిరేలా చేసినప్పుడు గానీ, వినిపించని శబ్దానికీ వ్యాపార విలువ ఉందని అర్థం కాలేదు.

మరి చెవికి అందనిది ఒంటికి ఎలా అందుతోంది? పరిశోధకులు రెండు దారులు చూపిస్తున్నారు. ఒకటి, చర్మంలో కంపనాల్ని పసిగట్టే గ్రాహకాలు. రెండోది మరింత ఆసక్తికరం. లోపలి చెవిలోనే వినికిడి యంత్రాంగానికి పక్కన శరీర సమతౌల్యాన్ని చూసుకునే భాగం ఉంది. తల ఎటు వంగింది, ఒళ్లు ఎటు కదిలిందని మెదడుకు చెప్పేది అదే. పెద్ద శబ్దంతో మోగే డ్యాన్స్ సంగీతం ఈ భాగాన్ని కూడా కదిలిస్తుందని మాంచెస్టర్‌కు చెందిన నీల్ టాడ్, ఫ్రెడరిక్ కోడీ 2000లోనే ప్రతిపాదించారు. ఒళ్లు నిజంగా ఊగినప్పుడు కలిగే సంకేతం కూర్చున్నచోటే అందితే ఊగాలనిపించడంలో వింతేముంది? రెండు స్వరాలు ఒకేసారి వినిపించినప్పుడు, కింది స్థాయి స్వరంలో వచ్చే తాళం తప్పులనే మెదడు బాగా పట్టుకుంటుందని మెక్‌మాస్టర్‌కే చెందిన లారెల్ ట్రైనర్ బృందం 2014లో తేల్చింది. ప్రపంచంలో చాలా సంగీతాల్లో తాళం మోసే బాధ్యత బరువైన వాద్యాలకే దక్కడం వెనక కారణం ఇదేనని వారి వాదన. చిన్నప్పుడే వినికిడి చాలావరకు కోల్పోయిన స్కాట్లాండ్ వాద్యకారిణి ఎవెలిన్ గ్లెనీ, చెప్పులు లేకుండా వేదికనెక్కి పాదాల గుండా శబ్దాన్ని అందుకుంటారు. ఆమెకిది ఎవరూ ల్యాబ్‌లో నిరూపించి చూపాల్సిన పనిలేదు.

అయితే లోతైన శబ్దం ఎప్పుడూ హుషారే పుట్టించదు. ఓ ప్రయోగశాలలో దయ్యం తిరుగుతోందన్న అనుమానానికి అక్కడి ఫ్యాన్ వల్ల పుట్టిన దాదాపు 19 హెర్ట్జ్‌ల తరంగం కారణమని ఇంజినీరు విక్ టాండీ 1998లో రాశారు. 2003లో లండన్‌లోని పర్సెల్ రూమ్‌లో పొడవాటి గొట్టంతో 17 హెర్ట్జ్‌ల శబ్దాన్ని కచేరీలో కలిపి వినిపిస్తే కొందరు శ్రోతలు గుబులు, వణుకు లాంటివి చెప్పారు. ఈ రెంటినీ ఆసక్తికరమైన సూచనలుగా తీసుకోవచ్చు గానీ రుజువులనలేం. ఫలానా స్వరం వింటే పొట్ట అదుపు తప్పుతుందన్న పాత పుకారును 'మిత్‌బస్టర్స్' టీవీ బృందం 2005లో పరీక్షించి కొట్టిపారేసింది.

అంతకన్నా గట్టి చిక్కు మన వీధుల్లో ఉంది. 20 హెర్ట్జ్‌ల శబ్ద తరంగం పొడవు 17 మీటర్లకు పైమాటే. ఇంత పొడవాటి అలలు గోడలకూ కిటికీలకూ సులువుగా లొంగవు. పాట ఏదో తెలియకపోయినా అవతలి వీధిలో ఊరేగింపు వెళుతోందని ఇంట్లో గిన్నెలు చెప్పేది అందుకే. డీజే లారీ మీది బేస్ బాక్సులు సాధారణంగా హామిల్టన్ స్పీకర్లంత కిందికి దిగవు. 40 నుంచి 100 హెర్ట్జ్‌ల మధ్యే వాటి బలమంతా. కానీ లారీ ముందు చిందేసే కుర్రాడికి గుండెల్లో మోగేదీ, మేడ మీద మంచం పట్టిన పెద్దాయనకు గుండె దడ అనిపించేదీ ఆ శబ్దమే. మొదటివాడు కోరి వచ్చాడు. రెండో ఆయనకు తప్పించుకునే దారి లేదు.

చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. లౌడ్‌స్పీకరు పెట్టిన బహిరంగ ప్రదేశం సరిహద్దులో శబ్దం అక్కడి ప్రమాణం కన్నా 10 డెసిబెల్స్, లేదా మొత్తం 75, ఏది తక్కువైతే అది దాటకూడదు. ఈ అంకెలన్నీ 'ఎ' స్కేలులో ఉన్నాయి. మనిషి వినికిడికి దగ్గరగా ఉండే స్కేలని నిబంధనలే దాన్ని వర్ణిస్తాయి. చెవి మందంగా వినే కింది స్వరాలను మీటరు కూడా అంతే మందంగా లెక్కేస్తుంది. 63 హెర్ట్జ్‌ల దగ్గర 26 డెసిబెల్స్, 31.5 దగ్గర 39 డెసిబెల్స్ కోసేస్తుంది. అంటే 63 హెర్ట్జ్‌ల దగ్గర అసలు 100 డెసిబెల్స్‌తో దద్దరిల్లే బేస్ ఒక్కటే ఉంటే మీటరు మీద కనిపించేది 74. పాటలో గొంతు, ఇతర వాద్యాలూ ఉంటాయి కాబట్టి పోలీసు మీటరు ఎటూ హద్దు దాటుతుందనుకోండి. కానీ గిన్నెల్ని కదిలించే భాగానికి అందులో వాటా నామమాత్రమే.

శ్రోతలకే ప్రమాదం లేదా అంటే, ఉంది. పెద్ద శబ్దపు సంగీతానికి దగ్గరగా ఉండగా ఊపిరితిత్తి కుంగిపోయిన యువకుల కేసులను వైద్యులు 2004లో 'థోరాక్స్' పత్రికలో నివేదించారు. వారిలో ఒకరు కారులో 1,000 వాట్ల బేస్ బాక్సు పెట్టించుకున్న వ్యక్తి. అరుదైన కేసులే, భయపడిపోవాల్సినవి కావు. వినికిడి దెబ్బతినడం మాత్రం అరుదేమీ కాదు. కచేరీ వేదికల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. అదీ 'ఎ' స్కేలులోనే.

మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను, బాణసంచాను నిషేధిస్తూ 2024 అక్టోబరు 1న హైదరాబాద్ పోలీసులు ఉత్తర్వు ఇచ్చారు. కొలిచి అదుపు చేయడం కన్నా మొత్తంగా ఆపేయడమే తేలికనిపించే పరిస్థితిలో ఇలాంటి ఉత్తర్వులు ఆశ్చర్యం కలిగించవు. నిజానికి కింది స్వరాలను పెద్దగా కోయని 'సి' స్కేలు చాలా సౌండ్ మీటర్లలో 'ఎ' పక్కనే ఉంటుంది. 31.5 హెర్ట్జ్‌ల దగ్గర అది తగ్గించేది 3 డెసిబెల్సే. మన చట్టానికి ఆ అక్షరం కొత్తదేమీ కాదు. పేలినచోటికి 4 మీటర్ల దూరంలో టపాకాయ మోత 'సి' స్కేలులో 145 డెసిబెల్స్ దాటకూడదని 1999 నుంచీ నిబంధన ఉంది. లౌడ్‌స్పీకర్లకు మాత్రం ఆ స్కేలు వర్తింపజేయలేదు.