విశాఖపట్నం దర్శనీయ స్థలాలు: కొండ, నీరు, ఇసుకల అనుబంధం

వ్యాససంగ్రహం:

విశాఖపట్నానికి వచ్చే యాత్రికులు కైలాసగిరి, సింహాచలం, ఋషికొండ, తొట్లకొండ, భీమిలి వంటి స్థలాలను విడివిడిగా చూసి వెళ్తుంటారు. ఈ స్థలాలన్నిటికీ పునాదిగా ఉన్నది ఒకే భౌగోళిక స్థితి. తూర్పు కనుమల శాఖలు ఇక్కడ సముద్రాన్ని తాకుతాయి. కొండపై పడిన వాన, కొండ కరిగి ఏర్పడిన ఇసుక, ఆ ఇసుకను కదిలించే అలలు ఈ నగరచరిత్రను తీర్చిదిద్దాయి. స్థానిక స్థలనామాలు ఈ సంబంధాన్ని భద్రపరిచాయి. వాటి ఆధారంగా దర్శనీయ స్థలాలను వివరించడం, కళాశాల స్థాయి అధ్యయన యాత్రకు ఒక క్రమాన్ని సూచించడం, ఈ స్థలాల పరిరక్షణలో గమనించవలసిన అంశాన్ని తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: విశాఖపట్నం, స్థలనామాలు, తొట్లకొండ, సింహాచలం, ఎర్రమట్టి దిబ్బలు, తీరపు కోత, అధ్యయన యాత్ర.

1. ఉపోద్ఘాతం

కోస్తా ఆంధ్రలో అధికభాగం నదీముఖద్వారాల మైదానం. కృష్ణా, గోదావరి డెల్టాలలో సముద్రం ఒడ్డున నిలబడి చూస్తే కొండ కనిపించదు. విశాఖలో ఆ పరిస్థితి తారుమారవుతుంది. ఇక్కడ కొండలు సముద్రతీరం దాకా వచ్చి నిలుస్తాయి. ఈ కొండలలో ప్రధానమైన శిలకు ఖోండలైటు అని పేరు. తూర్పు కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరుమీదుగా 20వ శతాబ్ది ఆరంభంలో భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు. ఎండకు వానకు ఈ శిల శిథిలమై ఎర్రని మట్టిగా మారుతుంది. విశాఖ పరిసరాలలో కనిపించే ఎరుపునకు మూలం ఇదే.

2. స్థలనామాలు చెప్పే భూగోళం

విశాఖ పరిసరాల ఊర్ల పేర్లలో కొండ, లోవ, గెడ్డ, దిబ్బ, పేట అనే పదాలు తరచుగా వినిపిస్తాయి. ‘లోవ’ అంటే రెండు కొండల నడుమ పల్లం. నగరానికి చాలాకాలం తాగునీరందించిన ముడసర్లోవ జలాశయం పేరులో ఆ పదం ఉంది. కంబాలకొండ అడవిపై కురిసిన వాన దిగివచ్చి చేరేది ఆ జలాశయంలోకే. ‘గెడ్డ’ అంటే ఉత్తరాంధ్రలో వాగు. నౌకాశ్రయం వైపు ప్రవహించే మేఘాద్రి గెడ్డ ఇందుకు ఉదాహరణ. తొట్లకొండలో ‘తొట్టి’, బావికొండలో ‘బావి’ ఉన్నాయి. జాలారిపేట వలవేసి బతికే జాలరుల నివాసాన్ని తెలుపుతుంది. ఈ పేర్లను వరుసగా పెట్టి చదివితే కొండ నుంచి కడలి దాకా నీరు నడిచిన దారి తెలుస్తుంది.

3. కొండమీది నీరు: బౌద్ధ క్షేత్రాలు

నగరం నుంచి భీమిలికి వెళ్లే సాగరతీర మార్గంలో తొట్లకొండ, బావికొండ, భీమిలి సమీపంలో పావురాళ్ళకొండ అనే బౌద్ధ క్షేత్రాలున్నాయి. తొట్లకొండపై రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిపింది. స్తూపం, చైత్యగృహాలు, భిక్షువులు నివసించిన విహార గదులు, భోజనశాల బయటపడ్డాయి. శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమను వెండి నాణేలు కూడా లభించాయి. సముద్రవాణిజ్యంతో ఈ ఆరామానికి ఉన్న సంబంధాన్ని ఆ నాణేలు సూచిస్తాయి. బావికొండలో లభించిన అస్థి అవశేషాన్ని బుద్ధుని ధాతువుగా భావిస్తున్నారు.

ఈ కొండలపై సందర్శకులు మొదట గమనించవలసినవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. కొండశిఖరం మీద నది లేదు, చెరువు లేదు. వానకాలంలో పడిన నీటిని రాతి తొట్లలో పట్టి నిలువ చేసుకొంటేనే భిక్షుసంఘం అక్కడ నివసించగలదు. వర్షావాసం కోసం భిక్షువులు ఒకచోట నిలవడం బౌద్ధ సంప్రదాయం. వాన కురిసే కాలమూ, భిక్షువులు నిలిచే కాలమూ ఒకటే కావడం వల్ల తొట్టి ఆరామానికి ప్రాణాధారమైంది. శతాబ్దుల తరువాత ఆరామం మరుగునపడినా స్థానికుల నోట కొండపేరు తొట్టితోనే నిలిచింది.

4. సింహాచలం: కొండకు ప్రదక్షిణం

వరాహ నరసింహస్వామి క్షేత్రమైన సింహాచలంలో కూడా నీటి ఊటకు ప్రాధాన్యం ఉంది. భక్తులు గంగధారలో స్నానం చేసి దర్శనానికి వెళ్తారు. ఇక్కడి శాసనాలలో ప్రాచీనమైనది కులోత్తుంగ చోళుని కాలం నాటి క్రీ.శ. 1098-99 శాసనం. 13వ శతాబ్దిలో తూర్పు గాంగుల పాలనలో ఆలయం ప్రస్తుత రూపం దాల్చింది. శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్ర కాలం నాటి 1516 శాసనం కూడా ఇక్కడ ఉంది. తెలుగు, సంస్కృత, ఒడియా, తమిళ భాషల శాసనాలు ఒకేచోట లభించడం వల్ల శాసనభాషా పరిశోధకులకు ఇది విలువైన క్షేత్రం.

సంవత్సరమంతా చందనపు పూతతో ఉండే స్వామి వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూప దర్శనమిస్తాడు. ఆషాఢ పౌర్ణమి సందర్భంగా లక్షలాది భక్తులు సుమారు 32 కి.మీ. దూరం కాలినడకన గిరిప్రదక్షిణం చేస్తారు. ఆ మార్గం కొండ పాదం నుంచి మొదలై సముద్రతీరాన్ని తాకి తిరిగి కొండకు చేరుతుంది. దారిలో చాలామంది సముద్రస్నానం చేస్తారు. కొండనూ కడలినీ ఒకే నడకలో కలిపే ఆచారం ఇది.

5. నౌకాశ్రయం, పాతనగరం

నగరానికి దక్షిణంగా సముద్రంలోకి చొచ్చుకువచ్చిన యారాడ కొండకు యూరోపియను నావికులు డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. నైరుతి దిశ నుంచి వచ్చే అలల ఉద్ధృతిని ఈ కొండ అడ్డుకొంటుంది. ఆ చాటున ఉన్న చిత్తడి నేలను తవ్వి 1933లో నౌకాశ్రయాన్ని ప్రారంభించారు. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారైన ‘జల ఉష’ నౌక 1948లో జలప్రవేశం చేసింది. నౌకాశ్రయం వల్లనే ఈ నగరం యుద్ధాల దృష్టిలో పడింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. నాటి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది.

పాతనగరంలో నౌకాశ్రయ ముఖద్వారాన్ని చూస్తూ మూడు గుట్టలు వరుసగా ఉన్నాయి. వాటిపై వేంకటేశ్వరాలయం, మేరీమాత చర్చి, ఇషాక్ మదీనా దర్గా నెలకొన్నాయి. సముద్రయానానికి బయలుదేరేవారికీ, తిరిగివచ్చేవారికీ ముందుగా కనిపించే స్థానాలివి. మూడింటినీ ఒకే ఉదయం కాలినడకన దర్శించవచ్చు.

6. ఇసుక: కదిలే తీరం

ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి సందర్శకులను ఆకర్షిస్తుంది. 1969లో నౌకాదళంలో చేరిన కురుసుర 2001లో విరమించింది. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో నావికులు ఎంత ఇరుకున జీవించారో లోపలికి వెళ్తేనే తెలుస్తుంది.

ఆ జలాంతర్గామి ముందున్న ఇసుక మాత్రం స్థిరంగా ఉండదు. నైరుతి ఋతుపవన కాలంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో కొంత ఇసుక వెనక్కి వస్తుంది. మొత్తం మీద ఉత్తరాభిముఖ గమనమే అధికం. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లా ఫాండ్ వాల్తేరు తీరంలో ఈ కదలికలను అధ్యయనం చేశారు. నౌకాశ్రయ ప్రవేశమార్గం, 1970లలో నిర్మించిన వెలుపలి నౌకాశ్రయపు అడ్డుగోడలు ఈ ఇసుక దారిని నిలువరించాయి. దక్షిణాన ఇసుక పేరుకొంటుంది, ఉత్తరాన తీరం కోతకు గురవుతుంది. నౌకాశ్రయం వద్ద తవ్వి తీసిన ఇసుకను పైపుల ద్వారా నగరతీరానికి పోయడం అందువల్లనే అవసరమవుతున్నది. బీచ్‌లో సందర్శకుడు నడిచే ఇసుకలో కొంతభాగం ఈ విధంగా మనిషి తెచ్చి పోసినదే.

7. ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

భీమిలి మార్గంలోని ఎర్రమట్టి దిబ్బలు ఇసుకచరిత్రలో మరింత పురాతనమైన అధ్యాయం. గత హిమయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటె చాలా తక్కువగా ఉండేది. బయటపడిన ఇసుకను గాలి, కొండవాగులు చేరవేయగా దిబ్బలు ఏర్పడ్డాయి. ఇనుప ఖనిజాంశం ఇసుకరేణువుల చుట్టూ పొరగా పేరుకొని ఎరుపు రంగు వచ్చింది. వాననీరు కోసిన లోతైన గండ్లు ఈ ప్రదేశానికి విచిత్రమైన రూపమిచ్చాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

తీరమార్గం భీమిలిలో గోస్తనీ నది సముద్రసంగమం వద్ద ముగుస్తుంది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, తాటిపూడి జలాశయం ద్వారా విశాఖకు తాగునీరిచ్చే నది ఇదే. 17వ శతాబ్దిలో డచ్చివారు ఈ నదీముఖద్వారాన్ని ఆధారం చేసుకొనే వర్తకస్థావరం నెలకొల్పారు. వారి శ్మశానవాటికలోని సమాధిశిలలపై నేటికీ డచ్చి అక్షరాలను చూడవచ్చు.

8. అధ్యయన యాత్రకు ఒక క్రమం

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. మూడు రోజుల యాత్రకు ఈ క్రమం ఉపయోగపడుతుంది.

మొదటి రోజు ఉదయమే చేపలరేవులో వేలం చూసి, పాతనగరపు మూడు గుట్టలు ఎక్కాలి. తరువాత మ్యూజియం, జలాంతర్గామి చూడవచ్చు. రెండవ రోజు సింహాచలంలో శాసనాల పరిశీలనకూ, ముడసర్లోవ, కంబాలకొండల సందర్శనకూ కేటాయించాలి. మూడవ రోజు ఎండ ముదరకముందే తొట్లకొండ, బావికొండ చూసి, సాయంత్రానికి ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి చేరుకోవాలి. ఏటవాలుగా పడే వెలుగులో దిబ్బల పొరలు స్పష్టంగా కనిపిస్తాయి.

విద్యార్థులు చేపట్టదగిన పనులు కొన్ని ఉన్నాయి. తొట్ల కొలతలు తీసుకొని నీటి పరిమాణాన్ని లెక్కించవచ్చు. జాలరుల నుంచి గాలుల పేర్లు, చేపల పేర్లు, తెప్ప భాగాల పేర్లు సేకరించవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది కనుక ఈ పనికి ఆ కాలం తగదు. సముద్రస్నానం విషయంలో జాగ్రత్త అవసరం. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాల వల్ల ఈత తెలిసినవారు కూడా ప్రమాదానికి గురవుతుంటారు. దిబ్బల అంచులు ఎక్కడం, ఎర్రమట్టిని వెంట తీసుకువెళ్లడం మానాలి. గట్టిపడని ఆ ఇసుక అడుగువేసినప్పుడల్లా జారిపోతుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

1. విశాఖలోని ఆరామం, ఆలయం, నౌకాశ్రయం, తీరం కొండతో ఉన్న సంబంధం వల్ల ఏర్పడినవి.
2. తొట్టి, బావి, లోవ, గెడ్డ, దిబ్బ అనే స్థానిక పదాలు ఆ సంబంధానికి భాషాపరమైన సాక్ష్యాలు. కాలనీల, కూడళ్ల కొత్త పేర్ల నడుమ ఇవి మరుగుపడకముందే సేకరించడం తెలుగు పరిశోధకుల బాధ్యత.
3. పరిరక్షణ చట్టాలు ఒక్కొక్క స్థలానికి హద్దు గీసి కాపాడుతున్నాయి. స్థలాల నడుమనున్న వాలు, వాగు, ఇసుకదారి ఆ హద్దులకు వెలుపల ఉండిపోతున్నాయి. దిబ్బను కాపాడి, దాని మీదికి నీరు తెచ్చే వాలును చదునుచేస్తే దిబ్బ నిలవదు. ఒకచోట అడ్డుగోడ కడితే మరొకచోట తీరం కరిగిపోతుందని ఆర్.కె. బీచ్ చూపుతున్నది.

కనుక విశాఖను చూపించే అధ్యాపకుడు ఒక స్థలం నుంచి మరొక స్థలానికి వెళ్లే దారిని కూడా పాఠంలో చేర్చాలి. బస్సు కిటికీ నుంచి కనిపించే ఆ దారిలోనే కొండ కడలిని చేరుతున్నది.