ఇంటి దగ్గరే పని, ఒడిలో పసిబిడ్డ

మా ఆసుపత్రికి వచ్చే తల్లులను ‘ఏం పని చేస్తారమ్మా?’ అని అడిగితే చాలామంది ‘ఖాళీయేనండీ, ఇంటి దగ్గరే ఉంటాను’ అంటారు. కాసేపు మాట్లాడితే అసలు సంగతి తెలుస్తుంది. ఒకరు తెల్లవారుజామునే పూతరేకులు తీస్తారు, ఒకరు మధ్యాహ్నం లేసు అల్లుతారు, ఇంకొకరు బిడ్డను నిద్రపుచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు పట్నంలో ఉద్యోగాలు చేసేవారెందరో ఇంటి నుండే పని చేశారు. అది కొత్త పద్ధతి అన్నారు గాని, గోదావరి ఒడ్డు స్త్రీలకు అది తరతరాల అలవాటు.

నరసాపురం లేసునే చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక విదేశాలకు ఎగుమతి అయ్యే వ్యాపారంగా ఎదిగింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఈ స్త్రీలపై వ్రాసిన పుస్తకం 1982లో వెలువడింది. రోజూ గంటల తరబడి అల్లే వీరిని తీరిక వేళ కాలక్షేపం చేసుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు. పని వేళలు మన చేతిలో ఉండటం మంచిదే. కాని ఆ గంటలు పనిగా లెక్కకు రాకపోతే ఆ సమయంలో బిడ్డను ఎవరు చూడాలన్న ప్రశ్నే ఇంట్లో రాదు. మాకు కనిపించే ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండ కింద మంట, పలుచని పిండిలో ముంచిన గుడ్డ, రెప్పపాటులో రేకు. ఆ కుండను వదిలి లేవడానికి వీలుండదు. ప్రాకే బిడ్డకు ఆ కుండ సరిగ్గా చేతికందే ఎత్తులో ఉంటుంది. కనుక బిడ్డను వేరొకరు ఎత్తుకునే వేళకే పొయ్యి వెలిగించండి, చుట్టూ గట్టి తడిక అడ్డం పెట్టండి. ఒకవేళ కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార క్రింద ఉంచి, శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే తీసుకురండి. ఐసు, సిరా, పేస్టు, వెన్న ఏవీ పూయవద్దు.

నీటి భయం ఇంకా పెద్దది. మనలాంటి డెల్టా దేశమైన బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశోధనల ప్రకారం ఏడాది నుండి నాలుగేళ్ళ పిల్లలు ఎక్కువగా ఉదయం 9 నుండి మధ్యాహ్నం 1 గంట మధ్య మునిగిపోతున్నారు. అది తల్లి పనిలో ఉండే సమయం. అక్కడ ఊరిలోనే ఒక స్త్రీ పిల్లలందరినీ ఆ గంటలలో ఒకచోట చూసుకునే ఏర్పాటు చేయగా మరణాలు బాగా తగ్గాయి. మన అంగన్‌వాడీలో ఆటపాటల బడి మూడేళ్ళు నిండినవారికే. కాలువ గట్టున నడక నేర్చుకునే వయసు అంతకంటే ముందే వస్తుంది!

బయటకు వెళ్ళి పని చేసే తల్లులు కూడా ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వవచ్చు. చేతులు కడుక్కొని, మరిగించిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి మూత పెడితే గది చల్లదనంలో 4 గంటలు నిలుస్తాయి. మన వేసవిలో అయితే ఫ్రిజ్‌లో పెట్టడమే క్షేమం. సీసా వద్దు, ఉగ్గుగిన్నె చాలు.

2017లో సవరించిన చట్టం ప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు, 50 మంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట శిశు సంరక్షణ గది, వీలైన పనికి యజమాని ఒప్పుకుంటే ఇంటి నుండి చేసే అవకాశం వచ్చాయి. అయితే నలుగురితో నడిచే చిన్న సంస్థకు, సొంతంగా స్వగృహ వంటలు పెట్టుకున్న తల్లికి ఈ చట్టం అందదు. అక్కడ భర్త, అత్తగారు, ప్రక్కింటివారే దిక్కు. ‘సాయం చేస్తాను’ అన్న మాట కన్నా ‘9 నుండి 11 వరకు బిడ్డ నా దగ్గర’ అన్న మాట ఎక్కువ ఉపయోగం. నలుగురు తల్లులు కలిసి వ్యాపారం చేస్తుంటే రోజుకొకరు పిల్లల వంతు తీసుకొని, ఆ రోజు కూలి ఆమెకూ సమానంగా పంచండి.

మన సంఘాలలో ఆదివారపు బడి గదులు మిగిలిన ఆరు రోజులు తాళం వేసే ఉంటాయి. గోడ, గేటు ఉన్న అటువంటి గది ఉదయం నాలుగు గంటలు తెరిస్తే పదిమంది పిల్లలకు సరిపోతుంది. అలా మొదలుపెట్టే సంఘం వారు మా పిల్లల వార్డులో చెప్పండి. కాలిన బిడ్డకు, నీట మునిగిన బిడ్డకు చేయవలసిన ప్రథమ చికిత్స నేర్పడానికి మేము వస్తాము.